రొట్టెలు కాల్చడానికి వెళ్ళిన నూర్ బాషా

నూర్ బాషా చేతులకు పిండి అంటితే ఒప్పుకునేవాడు గానీ, నెత్తురు అంటితే ఒప్పుకునేవాడు కాదు. బక్రీదు నాడు పొట్టేలును కోసే వేళకు ఏదో ఒక వంక పెట్టుకుని వీధిలోకి తప్పుకునేవాడు. పెద్దవాడై మీసాలు వచ్చాక కూడా అంతే. ఇంట్లో కోడిని కోయాలంటే పక్కింటివాళ్ళను పిలుచుకొచ్చేవాడు. "మొగపిల్లోడివేనా నువ్వు?" అని అక్క హమీదా బీ ఎగతాళి చేస్తే, "కోసేది వాళ్ళు, వండేది నువ్వు. తినేది మాత్రం నాకు ఇడిసిపెట్టండి" అని నవ్వేవాడు.

అలాంటివాడు సైనికుడై, తనకు ఏ సంబంధమూ లేని యుద్ధంలో పోయాడంటే హమీదా బీకి ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. కువైట్‌లోని రుమైథియాలో తాను పనిచేసే ఇంట్లో గిన్నెలు కడుగుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. కొళాయి నీళ్ళు అలా పోతూనే ఉంటాయి. "మావోడా? తుపాకీనా?" అని తనలో తాను అనుకుంటుంది.

వాళ్ళది రాయచోటిలో దూదేకుల ఇల్లు. నాయన దూదేకే విల్లు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి పరుపులూ దిండ్లూ కుట్టిచ్చేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమలకూ గడ్డానికీ దూది పట్టి, ముసలివాడి వేషం కట్టినట్టుండేది. నూర్ బాషాకు ఊహ తెలియక ముందే తల్లి పోయింది. అన్నం కలిపి పెట్టిందీ, బడికి ఈడ్చుకుపోయిందీ, చొక్కా గుండీలు కుట్టిందీ అక్కే. తరువాత బజారులోకి ఫోము పరుపులు వచ్చాయి. నాయన విల్లు చూరుకు వేలాడింది, కొన్నాళ్ళకు ఆయనా పోయాడు. హమీదా బీకి పెళ్ళయింది. మొగుడు బెంగళూరుకు పోయి అక్కడే ఇంకొక ఇల్లు పెట్టుకున్నాడు. ఆమె ఎవరినీ ఏమీ అనకుండా పాస్‌పోర్టు తీయించుకుని కువైట్ విమానం ఎక్కింది.

రుమైథియాలో ఆమెకు దొరికిన ఇల్లు మంచిదే. ఇంటి యజమానురాలిని, అక్కడ పనిచేసే ఆడవాళ్ళందరిలాగే, హమీదా బీ కూడా మామా, అంటే అమ్మా, అనే పిలిచేది. మామా కోపిష్టి, అయినా అన్నం దగ్గర లెక్కలు చూసే మనిషి కాదు. కొన్నేళ్ళు గడిచాక ఆమెనే బతిమాలి, ఆమె ఎరుకలో ఉన్నవాళ్ళ ద్వారా తమ్ముడికి సబ్హాన్‌లోని ఒక రొట్టెల కార్ఖానాలో వీసా సంపాదించింది.

నూర్ బాషాకు ఆ పని ఒంటికి పట్టింది. బయట ఎండ, లోపల పొయ్యి. అయినా పిండి పిసుకుతూ ఉంటే వాడికి నాయన దూది గుర్తొచ్చేదట. "దాన్నీ ఇట్లనే కొట్టి కొట్టి పొంగిస్తాండె గదక్కా నాయన" అనేవాడు. శుక్రవారం అక్కకు మధ్యాహ్నం నుంచి సెలవు. వాడు గుడ్డలో చుట్టిన వేడి రొట్టెలు పట్టుకుని బస్సెక్కి వచ్చేవాడు. ఇద్దరూ సాల్మియా సముద్రం ఒడ్డున కూర్చుని, ఆమె మామా ఇంటి నుంచి తెచ్చిన కూరలో ముంచుకుని తినేవాళ్ళు. అక్కడే కూర్చుని తమ్ముడికి సంబంధం కుదిర్చింది ఆమె. పిల్ల పేరు దిల్షాద్ బీ, లక్కిరెడ్డిపల్లె వైపు పిల్ల. ఫోనులో ఫొటో చూపిస్తే తమ్ముడు రొట్టె నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయాడు. పెళ్ళయింది, ఒక ఆడపిల్ల పుట్టింది. దిల్షాద్ బీ రాయచోటిలోనే ఉండిపోయింది.

కార్ఖానా చేతులు మారింది. కొత్త యజమాని పిండి కలపడానికీ, రొట్టె వత్తడానికీ, కాల్చడానికీ అన్నిటికీ యంత్రాలు దింపాడు. సగం మందికి ఇక పని లేదు, ఖలాస్ అని చెప్పారు. అక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కాగితం గడువు లోపల, వీసాకు పూచీ పడే ఇంకొక కఫీల్‌ను వెతుక్కోవాలి, లేకుంటే ఇంటికి పోవాలి. నూర్ బాషా సబ్హాన్‌లోని షెడ్లన్నీ తిరిగాడు. ఎక్కడా రొట్టెలవాడు అక్కరలేదన్నారు.

అప్పుడు చెప్పాడు నయీమ్. అతనిది హైదరాబాదు, అదే కార్ఖానాలో వ్యాను నడిపి మానేసినవాడు. రష్యాలో సైన్యానికి వంటవాళ్ళు కావాలట. పట్నంలో ఉండే వంటశాల, వేడిగా ఉండే గది. కొన్నాళ్ళు చేస్తే ఆ దేశం కాగితాలు కూడా ఇస్తారట.

నూర్ బాషా గదిలోనే ఉండే మస్తాన్ వలికి ఆ మాట మొదటే నచ్చలేదు. గోదాములో బరువులెత్తే బండి నడుపుతాడతను. నూర్ బాషాకు చిన్నప్పటి నుంచీ జోడు. "సైన్యమంటాండావు, మళ్ళా వంటంటాండావు. ఏందిది నయీమ్ బాయ్?" అన్నాడు.

"అరే, ఫౌజులున్నోళ్ళందరు లడాయే చేస్తరా?" అన్నాడు నయీమ్. "అంతమందికి రొట్టె ఎవరు చెయ్యాలె? గాలి తిని బతుకుతరా వాళ్ళు?"

"ఒరే బాషా, పొయ్యి కాడ మాడినోడివి నువ్వు. ఆడ మంచుకు గడ్డకడితే నిన్ను కరగబెట్టేదానికి మళ్ళా సబ్హాన్‌కే తేవాల" అన్నాడు మస్తాన్ వలి. ముగ్గురూ నవ్వారు.

హమీదా బీ మాత్రం నవ్వలేదు. శుక్రవారం సముద్రం ఒడ్డున సూటిగా అడిగింది. "ఆడ యుద్ధం జరుగుతాంది గదరా?"

"యుద్ధం యాడనో బార్డరులో అక్కా. మామా వాళ్ళింట్లో పెండ్లయితే హాలంతా జనముంటారు, పాటలుంటాయి, నువ్వు యాడుంటావు? వంటింట్లో. పెండ్లికూతురు మొగమన్నా చూస్తావా నువ్వు? నాదీ అట్లనే."

ఆ మాట ఆమెకు సబబే అనిపించింది. నిజమే కదా. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎన్ని విందులు జరిగాయి, ఎన్ని గొడవలు జరిగాయి, ఒక తలాకు కూడా జరిగింది. ఏదీ వంటింటి గడప దాటి ఆమె దాకా రాలేదు. వంట చేసేవాళ్ళ బతుకు ఎక్కడైనా అంతే అనుకుంది. "చలికి మంచి కోటు కొనుక్కో" అని మాత్రం చెప్పింది.

వెళ్ళిన కొత్తలో రోజూ వాడి గొంతు ఫోనులో వచ్చేది. ఇక్కడి రొట్టె నల్లగా, పుల్లగా ఉంటుందక్కా. ఊపిరి వదిలితే పొగ వస్తుందక్కా. మా వంటశాలలో గంజి గిన్నె మన ఊరి నీళ్ళ తొట్టెంత ఉందక్కా. హమీదా బీ ఇస్త్రీ చేస్తూ, ఉల్లిపాయలు తరుగుతూ, అవే మాటలు మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వినేది.

ఒకరోజు ఫొటో వచ్చింది. ఆకుపచ్చ బట్టలు, బరువైన బూట్లు, ఛాతీ నిండా జేబులున్న ఒక చొక్కా. గడ్డం నున్నగా గీసుకున్నాడు. వెనక చెట్ల మీద మంచు.

హమీదా బీ మురిసిపోయింది. మురిసిపోదా మరి? కువైట్‌లో కంపెనీ అన్నాక డ్రెస్సు ఇస్తుంది. వీధి ఊడ్చేవాళ్ళకు పసుపుపచ్చ, సెక్యూరిటీ వాళ్ళకు నీలం, గ్యాసు బండలు మోసేవాళ్ళకు ఇంకొక రంగు. డ్రెస్సు మంచిదైతే కంపెనీ మంచిదని అక్కడ అందరి లెక్క. చెత్త బయట వేయడానికి పోయినప్పుడు పక్కింట్లో పనిచేసే ఆసియా బీని పిలిచి చూపించింది.

"ఎవురే ఈ సినిమా హీరో?" అంది ఆసియా బీ.

"మా నూర్ బాషా. కొత్త కంపెనీ."

"పోలీసోని మాదిరుండాడు గదే! జేబులు చూడు, ఎన్నుండాయో. ఒక్కోదాంట్లో ఒక్కో గరిటె పెట్టుకుంటాడేమో మీవోడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. హమీదా బీ ఆ ఫొటోను దిల్షాద్ బీకి పంపింది. దిల్షాద్ బీ దాన్ని తన ఫోనులో అందరికీ కనబడేలా పెట్టుకుంది. రాయచోటిలో చుట్టాలంతా బాగున్నాడన్నారు.

మరునాటి పొద్దున మామా కాఫీ కోసం వంటింట్లోకి వచ్చింది. పొయ్యి పక్కన హమీదా బీ ఫోను వెలిగింది, దాని మీద ఆ ఫొటో. మామా చేతిలోకి తీసుకుని చూసింది. చూసి, కాలిన గిన్నె ముట్టుకున్నట్టు గబుక్కున బల్ల మీద పెట్టేసింది.

"ఎవరితను?"

"మా తమ్ముడు మామా. రొట్టెల బాషా. కంపెనీ డ్రెస్."

"ఇది కంపెనీ కాదు" అంది మామా. ఆమె గొంతు మారిపోయింది. "అస్కరీ. సైనికుడు."

హమీదా బీ నవ్వబోయింది. "లా, కాదు మామా, కుక్. వంట."

మామా ఆమె చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఇన్నేళ్ళలో ఆ వంటింట్లో యజమానురాలు నిలబడి, పనిమనిషి కూర్చున్నది అదే మొదలు. ఫొటోను పెద్దది చేసి వేలితో చూపించింది. "ఈ జేబులు తూటాలవి. ఈ పట్టీ చూశావా, ఇది చెయ్యో కాలో తెగితే రక్తం ఆగడానికి బిగించి కట్టేది. వంటవాడికి ఇది ఎందుకు? నాకు తెలుసు హమీదా. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఇరాక్ వాళ్ళు వచ్చారు. ఇలాంటివాళ్ళు ఆ గేటు దగ్గర నెలల తరబడి నిలబడ్డారు. పై కిటికీలోంచి రోజూ చూసేదాన్ని."

హమీదా బీ ఆ పట్టీని అప్పటిదాకా వంటవాళ్ళు కట్టుకునే గుడ్డ తాలూకు తాడనుకుంటోంది.

ఆ రోజంతా ఫోను చేస్తూనే ఉంది, కలవలేదు. మరుసటి రోజు వాడే చేశాడు.

"యాడుండావురా?" అంది ఆమె. పలకరింపు లేదు, సలాం లేదు.

అవతల గాలి చప్పుడు. "నువ్వు ఏడ్వొద్దక్కా. నాకూ మొన్ననే తెలిసింది. వారమే వంటింట్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత లారీలో ఎక్కించి బయలుకు తోలుకపోయినారు. తుపాకి చేతికిచ్చి కాల్చమన్నారు. కండ్లు మూసుకుని కాల్చినా. వాళ్ళ సారు గూడా నవ్వినాడు."

"నువ్వు సంతకం చేసినావా?"

"దిగీ దిగంగనే కాగితాలు పెట్టినారు. వాళ్ళ భాషలో ఉండె. చేసినా."

చదవకుండా ఎందుకు చేశావని ఆమె అడగలేదు. కువైట్‌లో కంపెనీ మనిషి అరబ్బీ కాగితం ముందు పెట్టి వేలు చూపించిన చోట సంతకం చేయనివాడెవరు? ఇఖామాకు అలాగే, జీతానికి అలాగే, సెలవుకు అలాగే. ఎన్నేళ్ళుగానో చేస్తూ వచ్చారు, ఏమీ కాలేదు.

"యల్లా, వచ్చెయ్. ఎట్లన్నా చేసి వచ్చెయ్ రా."

"పాస్‌పోర్టు వాళ్ళ కాడుంది. అడిగితే ఇచ్చేసినా. ఆడ కఫీల్ తీసిపెట్టుకునేటోడు గదా, ఈడా అట్లనే అనుకుంటి." మళ్ళీ గాలి. "అక్కా, దిల్షాద్‌కు చెప్పొద్దు. రొట్టెలు చేస్తాండాననే అనుకోనీ. నేను వచ్చినాక నేనే చెప్పుకుంటా."

తమ్ముణ్ణి వెనక్కి తెచ్చుకోవాలి. ఆ రోజు నుంచి హమీదా బీకి ఇంకొక ధ్యాస లేదు. మామా తానే కారు నడుపుకుంటూ ఆమెను మన దేశ రాయబార కార్యాలయానికి తీసుకుపోయింది. అక్కడివాళ్ళు కూర్చోబెట్టి అంతా విన్నారు, రాసుకున్నారు, ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని, పై వాళ్ళు మాట్లాడుతున్నారని చెప్పారు. మస్తాన్ వలి పని మానుకుని నయీమ్ కోసం వెతికాడు. దొరికితే గొంతు పట్టుకోవాలని పోయాడు. దొరికాడు కూడా. కానీ ఊరికే తిరిగొచ్చి హమీదా బీకి ఫోను చేశాడు.

"కొట్టలేకపోతినక్కా. నన్ను చూస్తానే వాడే ఏడ్చినాడు. వాళ్ళ బామ్మర్దిని గూడా పంపించినాడంట. వాడూ ఆడనే ఉండాడు."

ఇక ఎవరిని తిట్టాలో కూడా తెలియకుండా పోయింది. హమీదా బీకి కోపం పెట్టుకోవడానికి ఒక మొహం ఉండేది, అదీ పోయింది.

అటు రాయచోటి నుంచి దిల్షాద్ బీ ఫోన్లు. "మీ తమ్ముడు ఫోన్ ఎత్తడంల్యా వదినా."

"పనిలో ఉంటాడు మే. పండగల సీజను."

"ఏం పండగ వదినా, ఆ చలిలో?"

"వాళ్ళ పండగేదో" అనేది హమీదా బీ. అన్న తరువాత ఫోను పెట్టేసి మళ్ళీ తమ్ముడి నంబరు కొట్టేది.

వాడి గొంతు చివరిసారి వచ్చింది ఒక వాయిస్ మెసేజ్‌లో. ముందుకు తీసుకుపోతున్నారట, ఫోన్లు తీసేసుకుంటారట. ఒక గుంతలో పడుకుంటున్నామనీ, కాళ్ళు తన కాళ్ళలాగే లేవనీ చెప్పి, చివర అన్నాడు: "భయం లేదని అబద్ధం చెప్పనక్కా. ఉంది. శానా ఉంది." అంతే. ఆ తరువాత వారాలు గడిచాయి.

ఫోను వచ్చింది ఒక మధ్యాహ్నం, విందుకని ఆమె కోడి ముక్కలకు మసాలా పట్టిస్తున్నప్పుడు. తెలియని నంబరు. అవతలి మనిషి హిందీలో మాట్లాడాడు. తనది కేరళ అనీ, బాషా పక్కనే ఉన్నాననీ, ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాననీ చెప్పాడు. పై నుంచి డ్రోను వచ్చిందని చెప్పాడు. బాషా భాయ్ లేడని చెప్పాడు.

"నువ్వు చూసినావా?" అంది ఆమె, వచ్చీరాని హిందీలో.

చూశాను అన్నాడు.

"వేరేవాడేమో. అందరూ ఒకే డ్రెస్సు గదా. అందరూ ఒకే మాదిరి ఉంటారు గదా."

మొహం చూడలేదు దీదీ, అన్నాడు అతను. చేతులు చూశాను. మోచేతి దాకా కాలిన గీతలు, ఒకదాని కింద ఒకటి, పొయ్యి తలుపు తగిలినవని తనే ఒకసారి చూపించాడు. ఆ చేతులే. తీసుకురాలేకపోయాం దీదీ, మేము పాకుకుంటూ వచ్చాం.

ఆ గీతలకు వెన్న రాసింది హమీదా బీయే, ఎన్నో శుక్రవారాలు. ఇంకేమీ అడగలేదు. ఫోను పెట్టేసి మిగిలిన ముక్కలకు మసాలా పట్టించింది. అన్నం వార్చింది, పళ్ళాలు సర్దింది. విందు అయిపోయింది. అతిథులు వంట బాగుందని చెప్పి పంపారు. అప్పుడు కూడా ఆమెకు ఏడుపు రాలేదు. మామా వచ్చి ఏమైందని అడిగితే, రెండు చేతులూ చాపి మోచేతి దాకా గీతలు గీసి చూపించింది.

కబురు చెప్పడానికి చేతిలో ఏ ఆధారమూ లేదు. శవం లేదు. రాయబార కార్యాలయం నుంచి వచ్చిన జవాబులో ఆచూకీ తెలియడం లేదని మాత్రమే ఉంది. మస్తాన్ వలి దాన్నే పట్టుకున్నాడు. "తెలియదంటాండారు, పోయినాడని ల్యా గదక్కా. ఆ కేరళోడు మొగమే చూడలేదంట. ఇప్పుడే దిల్షాద్‌కు ఎందుకు? కొన్నాళ్ళు పోనీ. ఏమో, ఎవురికి తెలుసు?"

ఆ మాట హమీదా బీకి తీయగానే అనిపించింది. కొన్నాళ్ళు పోనిచ్చింది కూడా. దిల్షాద్ బీ ఫోను చేసినప్పుడల్లా వాడు ఊరు మారాడనీ, అక్కడ ఫోను పలకదనీ చెప్పింది. పిల్ల కొత్త గౌను వేసుకుందనీ, వాళ్ళ నాయనకు పంపమనీ దిల్షాద్ బీ ఫొటోలు పంపుతూనే ఉంది.

హమీదా బీ నోటే ఇదంతా తెలుసుకున్న మామా ఒక పొద్దున ఆమెను పైకి పిలిచింది. ఎప్పుడూ తాళం వేసి ఉండే గది తెరిచింది. అప్పటిదాకా హమీదా బీ అది సామాన్ల గది అనుకునేది. లోపల ఒక మంచం, ఉతికి మడిచిన పరుపు దుప్పటి.

"మా అన్న గది" అంది మామా. "ఇరాక్ వాళ్ళు పట్టుకుపోయారు. ఎక్కడా దొరకలేదు. బతికున్నాడని కొందరు, లేడని కొందరు. ఎవరూ మా అమ్మకు లేడని గట్టిగా చెప్పలేదు. ఆమె ప్రతి వారం ఈ దుప్పటి ఉతికింది, పోయేదాకా. మా వదిన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, ఏడవలేదు. ఊరికే ముసలిదైంది." తలుపు మూస్తూ అంది, "నీకు తెలుసు హమీదా. ఆ పిల్లకు తెలియాలి."

హమీదా బీ కిందికి వచ్చి వంటింటి తలుపు వేసుకుంది. దిల్షాద్ బీకి ఫోను చేసింది.

"ఏం వదినా, ఈ పొద్దప్పుడు? మామా ఊర్లో ల్యాదా?"

"కూర్చో మే."

"కూర్చునే ఉండా. చెప్పు."

చెప్పింది. పెళ్ళి హాలూ వంటిల్లూ అన్న మాట దగ్గర మొదలుపెట్టి, లారీ ఎక్కించిందీ, కాల్చమన్నదీ, గుంతా, డ్రోనూ, కాలిన గీతలూ, తాను ఇన్నాళ్ళూ చెప్పిన అబద్ధాలూ అన్నీ చెప్పింది.

అంతా విన్నాక దిల్షాద్ బీ అడిగింది. "ఆయప్పకు తుపాకి ఎవురిచ్చినారు వదినా?" కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది. "చూస్తే తెలియదా వాళ్ళకు? ఆయప్ప మొగం చూస్తే తెలియదా?"

హమీదా బీ ఫోనును రెండో చెవికి మార్చుకుంది.

"ఈడ పెద్దోళ్ళు అడుగుతారు" అంది దిల్షాద్ బీ, ఇంకా అదే గొంతుతో. "శవం యాడంటారు. కాగితం యాడంటారు. మొగుడు పోయినోళ్ళ మాదిరి ఇద్దత్‌లో కూర్చోవాలంటే పోయినాడని ఎవురో ఒకరు చెప్పాల. నువ్వు చెప్తావా వదినా? నువ్వు పెంచినావు. నువ్వు చెప్తే కూర్చుంటా. గాజులు తీయమంటావా?"

కాకపోవచ్చు, ఇంకొన్నాళ్ళు చూద్దాం అన్న మాట హమీదా బీ నాలుక చివర దాకా వచ్చింది. ఒక్క మాట. అంటే తమ్ముడు ఇంకా ఎక్కడో ఒకచోట ఉంటాడు. ఎదురుగా గోడ మీద గరిటెలు వరసగా వేలాడుతున్నాయి. ఆమె వాటినే చూస్తూ నిలబడింది.

"తీసెయ్ మే" అంది. "పోయినాడు. మా నూర్ బాషా పోయినాడు. నేను చెప్తాండా."

అప్పుడొచ్చింది ఏడుపు. ఫోను పెట్టేయకుండానే, ఇద్దరూ ఒకరి ఏడుపు ఒకరు వింటూ, ఒకరు రాయచోటిలో, ఒకరు రుమైథియాలో, నేల మీద కూలబడ్డారు.